ఎదురుకాలి తాపు

నంది మూపురం ఎక్కి గరుకు కాగితంతో రుద్దుతున్న కరుణ ఉన్నట్టుండి కాగితం వదిలేసింది. ఎడమ డొక్క పట్టుకుని, అంత ఎత్తు నుంచి కింద బురదలోకి జారిపడింది.

మే నెల, మిట్టమధ్యాహ్నం. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు కింద ఆడవాళ్ళు నల్లరాతి నందిని నునుపు చేస్తున్నారు. రుద్దేకొద్దీ లేచే రాతిపిండి కొట్టుకుపోవడానికి పైపులోంచి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. కరుణ ఆ నీళ్ళలోనే ముడుచుకుపోయి నేలను కాళ్ళతో తన్నుకుంటోంది. ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు. గొంతులోంచి కత్తి పడ్డ మేక చేసే చప్పుడు వస్తోంది.

"ఏందిమే, మల్లా మొదలుపెట్నావా?" షెడ్డు యజమాని ఆదినారాయణ కుర్చీలోంచే అరిచాడు. "ఎల్లుండి లారీ వస్తాది. ఇప్పుడే పట్టల్లనా నీ నడుము? అమృతా! యాడుండావ్? బిన్నా వచ్చి దీనికొక తాపు తన్ను."

అమృత నంది తోక దగ్గర పనిచేస్తోంది. పిలుపు వినగానే లేచి, చేతులు తుడుచుకుని, కుడికాలి చెప్పు విప్పింది.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే నడుము పట్టు విడుస్తుందని ఈ ప్రాంతంలో తాతల నాటి నమ్మకం. అమృత అలా పుట్టింది. తల కన్నా ముందు కాళ్ళు రావడంతో కాన్పు కష్టమై తల్లి పోయింది. తల్లిని మింగిన కాళ్ళని ఆడిపోసుకున్న ఊరే, నడుము పట్టేసిన రోజున ఆ కాళ్ళను వెతుక్కుంటూ వచ్చింది. నడవడం సరిగ్గా రాకముందే ఆ పిల్ల పెద్దవాళ్ళ నడుముల మీద తన్నడం నేర్చుకుంది. తమలపాకులు, వక్క, కొబ్బరికాయ ఇచ్చి దండం పెట్టుకుని పోయేవారు. పుట్టి బుద్ధెరిగాక అమృతలో మనుషులు దండం పెట్టింది ఆ కాలికొక్కదానికే. అందుకే ఆమెకు ఆ కాలంటే గర్వం. కాదనడం ఎందుకు, ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

కరుణ మొగుడు సంజీవయ్య అదే షెడ్డులో ఉలి పట్టేవాడు. వచ్చి పెళ్ళాన్ని బోర్లా తిప్పి భుజాలు నేలకు అదిమిపట్టాడు. అమృత కాలు లేపి, మడమతో, ఎడమ డొక్క వెనకగా గట్టిగా తన్నింది. కరుణ ఒళ్ళంతా ఎగిరిపడింది. రెండో తాపుకు పచ్చటి వాంతి చేసుకుంది. మూడో తాపుకు చప్పుడు లేదు.

"ఓర్చుకోమే. పట్టు విడుస్తాండాది," అంది అమృత ప్రేమగానే.

నిజంగానే కాసేపటికి నొప్పి తగ్గింది. ఆ నొప్పి గుణమే అంత. చంపుతుంది, వదులుతుంది, మళ్ళీ వచ్చి చంపుతుంది. ఆ సంగతి ఆ పనివాళ్ళెవరికీ తెలియదు గనుక పేరంతా కాలికి పోయింది. ఇలా తన్నించుకోవడం కరుణకు ఈ వేసవిలో మూడోసారి.

"శానా మంచి కాలుమే నీది! డాక్టర్లు గూడా ఇంత బిన్నా తగ్గియ్యలేరు," అని మెచ్చుకున్నాడు ఆదినారాయణ. మళ్ళీ కుర్చీలో కూర్చుని, పక్కనున్న పెద్ద సీసా ఎత్తి గటగటా తాగాడు. ఆ సీసాలో ఎప్పుడూ తెల్లగా, గంజిలా ఉండే నీళ్ళుంటాయి. ఆ సీసా లేకుండా ఆయన షెడ్డుకే కాదు, పెళ్ళికి కూడా పోడు.

కరుణ గోడ పట్టుకుని లేచి, మళ్ళీ నంది మీదికెక్కింది.

ఆ షెడ్డులో ఆడవాళ్ళెవరూ పగలు నీళ్ళు తాగరు. పొద్దున ఇంట్లో గ్లాసెడు టీ, మళ్ళీ చీకటి పడ్డాక చెంబెడు నీళ్ళు. మధ్యలో ఊరగాయ ముద్ద తిని నోరు పుక్కిలించి ఉమ్మేస్తారు. చేతుల కింద పొద్దంతా నీళ్ళు పారుతుంటే, పెదాలు పగిలి ఉంటాయి. తాగితే పోవాలి కదా. ఎక్కడికి పోతారు? ముందు రోడ్డు. వెనక స్థలమంతా దేవుళ్ళే. కళ్ళు పెట్టని అమ్మవార్లు, తొండం విరిగిన వినాయకులు, సగం చెక్కిన ఆంజనేయులు. సగం చెక్కినా, పగిలినా దేవుడు దేవుడే. వాళ్ళ మధ్య చీర ఎత్తి కూర్చోవడానికి ఏ ఆడదానికి మనసొప్పుతుంది? మగవాళ్ళు రోడ్డు దాటి తుమ్మచెట్ల వెనక్కి పోతారు. ఆడవాళ్ళు పొద్దుగూకేదాకా బిగబట్టుకుంటారు.

షెడ్డు మూలన ఒక మరుగుదొడ్డి ఉంది. దానికి తాళం. తాళంచెవి ఆదినారాయణ మొలతాడుకు ఉంటుంది. దేవుళ్ళు పుట్టే చోట నలుగురాడవాళ్ళు పోయి వస్తుంటే మైలట. ఆయన పోయి వస్తే మాత్రం మైల కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మాట ఇలాంటి వాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

సాయంత్రం పని దిగాక, దారిలో తుమ్మచెట్ల వెనక కరుణ కూర్చుంటే అమృత కాపలా నిలబడింది. చాలాసేపటికి గానీ కరుణ లేవలేదు.

"అక్కా, మంట. ఎర్రగా పోతాంది. నెత్తురక్కా."

అమృత గబుక్కున వెనక్కి తిరిగింది. "ఎన్నాళ్ళ నుంచీ?"

"నువ్వు తన్నినప్పుడల్లా ఇట్లనే. ఒగటి రెండు దినాలుండి పోతాంది. చెడు నెత్తురు పోతాందేమోలే అనుకుంటి."

అమృత తన కాలి వంక చూసుకుంది. రాతిపిండి పట్టి తెల్లగా ఉంది. "రేపు నంద్యాల పెద్దాసుపత్రికి పోదాం," అంది.

కరుణ ఆ మాట ఇంట్లో అన్నది. అంతే. పక్కింట్లో పొయ్యి ముట్టిస్తున్న అమృతకు గిన్నెలు పడ్డ చప్పుడు, ఆ వెనకే దెబ్బలు వినిపించాయి. పరిగెత్తింది. సంజీవయ్య పెళ్ళాం జుట్టు చేతికి చుట్టుకుని గోడకేసి కొడుతున్నాడు.

"మూడు నూర్ల యాభై కూలి పోతాదే! దినం పోతే ఆ షెడ్డు యప్ప ఇద్దర్నీ మానిపిస్తానన్నాడు. నడుం నొప్పికి నంద్యాలనా? కొండపిండాకు తెచ్చియ్యలేదా నేను? ఉలవకట్టు తాపియ్యలేదా?"

తెచ్చాడు, నిజమే. వాడు చెడ్డవాడని ఒక్క ముక్కలో తేల్చేస్తే సులువే. నడుము నొప్పికి మంచిదంటే, నల్లమల నుంచి వచ్చే వాళ్ళ దగ్గర ఆ ఆకు కొని తనే వండి పెట్టాడు. ఆకు పెట్టాడు, ఉలవలు పెట్టాడు, తన్నులు కూడా పెట్టించాడు. గ్లాసెడు మంచినీళ్ళు పగటిపూట తాగిందా లేదా అని మాత్రం అడగలేదు. ఆదినారాయణ తనను తిట్టిన తిట్టునల్లా ఇంటికి తెచ్చి ఆమె ఒంటి మీద దించుకోవడం ఒక్కటే వాడికి తెలిసిన విద్య.

అమృత మధ్యలో దూరి కరుణను లాక్కుంది. విడిపించేలోగా తన చెంప మీదా ఒకటి పడింది. తెల్లవారగానే, సంజీవయ్య ఇంకా పడుకుని ఉండగా, ఇద్దరూ బస్సెక్కారు.

నంద్యాల ఆసుపత్రిలో డాక్టర్ ప్రియదర్శిని కరుణను పక్కకు తిప్పి రవిక పైకి జరిపి చూసింది. ఎడమ డొక్క వెనక నల్లగా కమిలి ఉంది. పాతది ఆకుపచ్చగా, కొత్తది ఊదాగా. మడమ గుర్తు స్పష్టంగా తెలుస్తోంది.

"ఎవరమ్మా తన్నింది? మొగుడా? భయపడకుండా చెప్పు."

"కాదు మేడం. వైద్యం. మా అక్కది మంచి కాలు."

డాక్టరు అమృత వైపు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని అమృతకు తర్వాత చాలాసార్లు అనిపించింది. స్కానింగు చేయించి, తెర మీద వేలు పెట్టి చూపించింది.

"ఇది మూత్రపిండం. ఇక్కడి నుంచి మూత్రం కిందికి దిగే గొట్టంలో రాయి అడ్డం పడింది. దిగే దారి లేక పైన ఇదంతా ఉబ్బింది. ఇలా ఉబ్బినదాని మీద తన్నితే చితికిపోతుంది. మనిషే పోయుండేది."

గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. ఆ రోకలి తానేనని అమృతకు అర్థమైంది.

"రాయెట్ల పుట్టింది మేడం? రాతిపిండి మింగినందుకా?" అని అడిగింది కరుణ.

"కాదమ్మా. పగలు ఎన్ని నీళ్ళు తాగుతావు?"

కరుణ తల అడ్డంగా ఊపింది.

"ఈ ఎండలో ఒంట్లో నీళ్ళన్నీ చెమటై పోతాయి. మిగిలిన కాస్త చిక్కబడితే అందులోని ఉప్పులు పేరుకుని రాయి కడతాయి. నువ్వు పోసేది ముదురు పసుపు రంగులో ఉంటుందా? నీళ్ళలా పలచగా ఉండాలి. అట్లా ఉండేటన్ని నీళ్ళు, పొద్దంతా తాగుతూనే ఉండాలి. బిగబట్టుకోకూడదు. ఊరగాయలు, అప్పడాలు, ఉప్పు తగ్గించు. పాలూ పెరుగూ మానక్కర్లేదు. నిమ్మకాయ నీళ్ళు మంచివి. బార్లీ నీళ్ళు తాగినా సరే, మొత్తం మీద నీళ్ళు లోపలికి పోవాలి. రాయి ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ వస్తుంది. వాళ్ళు సీసా చేతిలో పట్టుకునే తిరగాలి."

సీసా.

అమృతకు కుర్చీ పక్కనున్న ఆ సీసా గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఆదినారాయణ డొక్క పట్టుకుని మెలికలు తిరిగిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు తాను చెప్పు విప్పుతూ పరిగెత్తిపోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు దూరం పోమే!" అని అరిచి, కారు తెప్పించుకుని కర్నూలు పోయాడు. నాలుగు రోజులకు సీసాతో తిరిగొచ్చాడు. ఆయనకు తెలుసు. ఏ నొప్పో తెలుసు, ఎందుకొస్తుందో తెలుసు. తెలిసే తన్నించాడు.

"గొట్టం వేసి దారి చెయ్యాలి. ఇవాళే చేరాలి," అంది డాక్టరు.

కరుణ రెండు చేతులూ జోడించింది. "మొగోనికి చెప్పకుండా వచ్చినా మేడం. చంపుతాడు. రేపు లారీ పోతానే వచ్చి పడుకుంటా." డాక్టరు ఎంత చెప్పినా వినలేదు. మాత్రలు ఇస్తూ డాక్టరు అమృతనే చూసి చెప్పింది: "చలీ జ్వరం వచ్చిందంటే లోపల చీము పడుతున్నట్టు. అప్పుడు గంట కూడా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి."

ఆ రోజే అమృత కరుణను పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి ఉండాల్సింది. కానీ డొక్క మీద ఆ మచ్చ వేసిన మనిషి ఏ మొహంతో మాట్లాడుతుంది?

మరునాడు నంది చివరి మెరుపు పని. సంజీవయ్య రాత్రి కొట్టిన దెబ్బకు కరుణ కుడికన్ను వాచి మూసుకుపోయి ఉంది. మాత్ర మింగి పనిలో కూర్చుంది. రోడ్డు మీద లారీ, క్రేను వచ్చి నిలబడ్డాయి. నందిని కొన్న గుడివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఆదినారాయణ చేతిలో గొలుసులు బిగించే ఇనుపరాడ్డు పట్టుకుని, అడ్డమొచ్చినవాళ్ళనల్లా తిడుతూ తిరుగుతున్నాడు.

కరుణ వణకడం మొదలుపెట్టింది. రేకుల కింద అందరికీ చెమటలు కారుతుంటే ఆమె పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అమృత చెయ్యి వేసి చూసింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఇంతలోనే నొప్పి వచ్చింది. కరుణ నంది కాళ్ళ మధ్య పడిపోయింది.

"ఎవరన్నా 108కి ఫోన్ చెయ్యండమ్మా!" అమృత అరిచింది. పక్కనున్న సీతమ్మ అనే ముసలామె కొంగులోంచి ఫోను తీసింది.

"యాడికి ఫోను?" ఆదినారాయణ ఆ ఫోను లాక్కుని బురదలోకి విసిరాడు. "నంది బయల్దేరేటప్పుడు శవబండి మాదిరి అదొచ్చి నిలబడల్లనా ఈడ? అమృతా, ఏం జూస్తాండావ్? తన్ను."

సంజీవయ్య అప్పటికే పెళ్ళాన్ని బోర్లా తిప్పాడు.

"తన్నక్కా," కరుణే బతిమాలింది. వాచిన కన్నులోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఓర్చుకోలేకపోతాండా. నీ కాళ్ళు మొక్కుతా. ఒక్క తాపు తన్ను."

అమృత కాలు అలవాటుగా చెప్పులోంచి బయటికొచ్చింది. అది చూసుకుని కాలు మళ్ళీ చెప్పులో పెట్టుకుంది.

"తన్నను."

"ఏందీ?"

"తన్నను అప్పా. నీకు నొప్పొచ్చినప్పుడు నా కాలు నీ దగ్గరికి రానియ్యలేదే! కారెక్కి కర్నూలు పోయినావే! ఇది మంచి కాలైతే ఆ పొద్దు నీ డొక్క ఎందుకు చూపియ్యలేదు? కరుణ లోపల రాయుంది. నీకున్నెట్లే. తెలిసే తన్నిస్తివి నాతో."

షెడ్డులో గరుకు కాగితాల చప్పుడు ఆగిపోయింది. ఆదినారాయణ మొహం నల్లబడింది. ఇనుపరాడ్డు కొనతో అమృత భుజం మీద పొడిచాడు. ఆమె వెనక్కి తూలి నందికి కొట్టుకుంది. "నోరు లేస్తాందే నీకు! సంజీవయ్యా, నీ పెండ్లాము పని చేస్తాదా, ఇద్దరూ ఇంటికి పోతారా?"

సంజీవయ్య యజమానిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. ఎప్పటిలాగే, కోపం తక్కువ ఖర్చులో తీరే వైపుకు తిరిగాడు. "అది తన్నకుంటే నేను తంతా," అని, ఉలి దెబ్బలకు రాయిలా తయారైన ఆ మనిషి కాలు లేపాడు.

అమృత కరుణ మీద పడిపోయింది.

తాపు అమృత నడుము మీద పడింది. కళ్ళ ముందు తెల్లగా మెరిసింది. ఊపిరి అందలేదు. ఇంకొకటి పక్కటెముకల మీద పడి లోపల ఏదో విరిగినట్టు చప్పుడైంది. తన్ను తినడం ఎట్లా ఉంటుందో పుట్టిన ఇన్నేళ్ళకు ఆమె నడుముకు తెలిసింది. ఇన్నాళ్ళూ ఇంతమందికి తాను పెట్టింది ఇదేనా అని ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో నొప్పి కన్నా సిగ్గే ఎక్కువ. కింద కరుణ ఒళ్ళు కుంపటిలా కాలుతూ వణుకుతోంది. అమృత కదల్లేదు.

మూడో తాపుకు కాలు లేపిన సంజీవయ్య మీద రాతిపిండి కలిసిన బురదనీళ్ళు బకెట్టెడు వచ్చి పడ్డాయి. సీతమ్మ ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. "సాలు తియ్‌రా," అంది. ఆమె వెనక మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే నంది మీద నుంచి దిగుతున్నారు. ఒకామె తన ఫోనులో అంబులెన్సు వాళ్ళకు దారి చెబుతోంది. సంజీవయ్య కళ్ళలో బురద తుడుచుకుంటూ, చేసిన పని అప్పుడే చూసినవాడిలా, గోడకు జారగిలబడ్డాడు.

"అక్కా," కరుణ గొణిగింది. "వస్తాండాది. ఆపుకోలేను. దేవుడు... దేవుని కాళ్ళ కాడ..."

చావు దగ్గరికొచ్చి నిలబడినా ఆ మనిషి భయం అదే. అమృతకు అంతవరకూ రాని కోపం అప్పుడొచ్చింది. పక్కటెముకలు పట్టుకుని లేచింది. మూలనున్న మరుగుదొడ్డి దాకా కుంటుకుంటూ పోయింది. చెప్పు విప్పింది. కాలు లేపింది.

మొదటి తాపుకు రేకు తలుపు సొట్టపడింది. రెండో తాపుకు మడమ చీరుకుని నెత్తురు కారింది. మూడో తాపుకు గడియ ఊడి, తాళంతో సహా ఎగిరి వినాయకుల మధ్య పడింది.

ఆడవాళ్ళు లోపలికి తొంగి చూశారు. మనిషి చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేటంత గది. ఒక పింగాణీ గుంట, ఒక కుళాయి, నీళ్ళు నిండిన ఎర్ర బకెట్టు, మగ్గు.

"ఇంతేనా?" అంది ఎవరో.

సీతమ్మా ఇంకొకామే కరుణను రెక్కలు పట్టి లోపలికి తీసుకుపోయారు. విరిగిన తలుపుకు ఒకామె తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి అడ్డం కట్టింది. ఆదినారాయణ ఇనుపరాడ్డు ఎత్తుకుని అటుకేసి వచ్చాడు. "మైల చేస్తిరి గదే! నా షెడ్డంతా మైల చేస్తిరి! బయటికి రాండి, ఒక్కొక్కరి కాళ్ళు ఇరగ్గొడతా!"

అమృత తువ్వాలు ముందు అడ్డంగా నిలబడింది. మడమ నుంచి కారిన నెత్తురు రాతిపిండి మీద ముద్రలు వేసింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కలో పోటు పొడుస్తోంది. అయినా కుడికాలు ఒకడుగు ముందుకు వేసి ఆనించింది.

"ఇది శానా మంచి కాలని నువ్వే చెప్తివి గదప్పా," అంది. "రా. ముందుకు రా."

ఆదినారాయణ రాడ్డు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. లారీ డ్రైవరు హారను కొడుతున్నాడు. నంది వీపు మీద పైపు నీళ్ళు ఊరికే పారిపోతున్నాయి. తువ్వాలు వెనక కరుణ నొప్పికి మూలుగుతోంది, సీతమ్మ "పోనీలేమ్మా, పోనీ," అంటోంది. మిగిలిన ఆడవాళ్ళలో ఒకామె కుర్చీ దగ్గరికి పోయి, ఆ పెద్ద సీసా తీసి, మూత తిప్పి, ఆయన చూస్తుండగానే నిలబడి తాగింది. తాగి పక్కామెకిచ్చింది.